పొడి దుక్కిలో చల్లిన వరి మచ్చలు మచ్చలుగా మొలిచింది: తప్పు విత్తనానిదా, విత్తిన తీరుదా?

నమస్తే అండీ. మిగతావాళ్లకు కూడా అర్థమవడానికి మీ ప్రశ్నను క్లుప్తంగా మళ్లీ రాస్తున్నాను. రెండెకరాల చెల్కలో (తేలికపాటి ఎర్ర మెట్ట నేలలో) రోటవేటర్ (మట్టిని తిప్పి పొడి చేసే ట్రాక్టర్ పనిముట్టు) కొట్టి, ఎకరాకు 30 కిలోల చొప్పున పొడి వడ్లు చల్లి, పైన ఇంకోసారి రోటవేటర్ తిప్పారు. పన్నెండు రోజులైంది. కొన్నిచోట్ల గుబురుగా మొలిచింది, కొన్నిచోట్ల గజం గజం ఖాళీ. పక్క రైతు అదే షాపులో అదే విత్తనం కొని, అదే వారం ట్రాక్టర్ గొర్రుతో (గింజను సాళ్లలో మట్టి లోపల పెట్టే పనిముట్టుతో) ఎకరాకు 20 కిలోల లోపే వేస్తే సాళ్లు నిండుగా వచ్చాయి. తప్పు విత్తనానిదా, పద్ధతిదా అని మీ మొదటి ప్రశ్న. బావి కింద మిగిలిన రెండెకరాలకు డ్రమ్ సీడర్ (ముక్కు పగిలిన వడ్లను బురదలో సాళ్లుగా రాల్చే, రంధ్రాల డ్రమ్ములున్న పనిముట్టు) వాడాలా, దమ్ములో (నీళ్లు పెట్టి దున్నిన బురద మడిలో) చల్లాలా అన్నది రెండోది. యాసంగిలో వేసే జొన్న గురించి కూడా ఒక మాట అడిగారు.

నేరుగా చెప్తాను. మీ విత్తనం తప్పు కాకపోవచ్చు. గింజ పడిన లోతే మీ సమస్య. చెల్కలో గొర్రుతో విత్తడమే మేలు. బావి కింద నేల చదునుగా ఉండి, నీళ్లు పెట్టడం, తీయడం మీ చేతిలో ఉంటే డ్రమ్ సీడర్ వాడండి. దమ్ములో చల్లడం కూడా పనికొస్తుంది కానీ కలుపు దగ్గర కష్టపడతారు. ఇప్పుడున్న మొలకను దున్నేయకండి, చాలావరకు కాపాడుకోవచ్చు.

ఎందుకో చెప్తాను. మొలవాలంటే గింజకు మూడు కావాలి: చుట్టూ అంటుకుని ఉండే తేమ మట్టి, గాలి, పైకి రాగలిగినంత లోతు. మీరు చల్లినప్పుడు గింజలన్నీ పైనే ఉన్నాయి. తర్వాత తిప్పిన రోటవేటర్ వాటిని పై నుంచి నాలుగంగుళాల దాకా ఎక్కడ పడితే అక్కడ కలిపేసింది. పైన మిగిలినవి ఎండకు, చీమలకు, పిట్టలకు పోయాయి. నాలుగంగుళాల కింద పడినవి మొలకెత్తినా పైకి రాలేవు. ఇప్పుడు మనం వేసే పొట్టి వరి రకాల్లో గింజ నుంచి మొలకను పైకి నెట్టే కాడ చాలా పొట్టిది. రెండు నుంచి మూడు సెంటీమీటర్ల లోతు దానికి హాయి. ఐదు దాటితే చాలా మొలకలు మట్టి కిందే ఆకు విప్పేసి అక్కడే పసుపు పచ్చగా ముడుచుకుపోతాయి. ముప్పై కిలోలు చల్లినా సరైన లోతులో పడింది అందులో ఏ మూడో వంతో అయి ఉంటుంది. పక్కాయన గొర్రు గింజలన్నిటినీ దాదాపు ఒకే లోతులో, తేమ తగిలే చోట పెట్టి పైన మట్టి కప్పింది.

విత్తన మోతాదు పెంచితే మొలక బాగుంటుందన్న నమ్మకం మన ఊళ్లలో గట్టిగా ఉంది. లెక్క వేసి చూడండి. ఎంటీయూ 1010 లాంటి రకంలో వెయ్యి గింజలు సుమారు 24 గ్రాములు తూగుతాయి. ఎకరా అంటే 4047 చదరపు మీటర్లు. 12 కిలోలు వేస్తేనే చదరపు మీటరుకు 120 పైచిలుకు గింజలు పడతాయి. అందులో 80 శాతం నిలిచినా వంద మొక్కలు. నాట్లు వేసినప్పుడు చదరపు మీటరుకు 33 కుదుళ్లు, కుదురుకు రెండు మూడు మొక్కలు పెడతాం, అంటే ఇంచుమించు అంతే. బీపీటీ 5204 లాంటి సన్న రకంలో గింజ ఇంకా తేలిక, వెయ్యికి 14, 15 గ్రాములే, కాబట్టి ఇంకా తక్కువ చాలు. పొడి దుక్కిలో నష్టం ఎక్కువ కనుక 20 కిలోల దాకా వేయమంటాను. అంతకు మించి వేసేదంతా గుబుర్లకే పోతుంది. గుబుర్లలో మొక్క సన్నగా సాగి పడిపోతుంది, గాలి ఆడక పాముపొడ తెగులు కూడా ముందు అక్కడే మొదలవుతుంది. ఖాళీల్లో తుంగ, ఊద లాంటి కలుపు మొలుస్తుంది. ఎక్కువ విత్తనం ఖాళీని పూడ్చదు.

ఇక ఇవాళ చేయాల్సిన పని. ఖాళీగా ఉన్న చోట చేతి వెడల్పున మట్టి తవ్వి గింజలు ఏరి చూడండి. ఇలాంటి ఫిర్యాదుతో ఎవరు పిలిచినా నేను పొలానికి పోగానే చేసే మొదటి పని ఇదే. విత్తన షాపుకు పోయి గొడవ పడేవాళ్లలో ఎక్కువమంది ఈ పని చేయరు. చిన్న పికాసు, ఒక తెల్ల గుడ్డ ఉంటే చాలు. మట్టిని పొరలు పొరలుగా తీసి గుడ్డ మీద వేసి, గింజ ఎంత లోతులో దొరికిందో, ఏ స్థితిలో ఉందో చూడాలి.

గింజ ఉబ్బకుండా గట్టిగా, పొడిగా ఉంటే దానికి తేమే అందలేదు. మట్టి గుల్లగా ఉండి గింజకు అంటుకోలేదు, లేదా పెళ్లల మధ్య ఇరుక్కుంది. అది చావలేదు, మంచి వాన పడినా, ఒక తడి ఇచ్చినా ఇప్పుడైనా మొలవచ్చు. గింజ ఉబ్బి మెత్తబడి, నొక్కితే పాలలాంటిది కారి పులిసిన వాసన వస్తే నీళ్లు నిలిచి కుళ్లిందన్నమాట. చెల్కలో కూడా పల్లపు మూలల్లో ఇది కనిపిస్తుంది. ఒట్టి ఊక మాత్రమే దొరికితే చీమలో, ఎలుకలో, పిట్టలో తిన్నాయి. ఇది గట్ల వెంట ఎక్కువ. మొలక వచ్చి, తెల్లగా పొడుగ్గా సాగి, పై పొర కింద మెలికలు తిరిగి ఆగిపోయి ఉంటే రెండు కారణాలు ఉంటాయి: గింజ మరీ లోతుగా పడి ఉండాలి, లేదా పైన మట్టి అట్టకట్టి ఉండాలి. గింజ దొరికిన లోతు చూస్తే ఏదో తెలిసిపోతుంది.

మీరు విత్తాక మూడో రోజు పెద్ద వాన పడి, తర్వాత ఎండ కాసిందని రాశారు. ఎర్ర చెల్కను రోటవేటర్ పిండిలా చేస్తుంది. దాని మీద వాన గట్టిగా కొట్టి ఎండ కాస్తే పైన అంగుళం మందాన పెంకు కడుతుంది. మీ ఖాళీల్లో సగం దీనివల్లే అయి ఉంటాయని నా అంచనా. గొర్రు సాలులో గింజలు వరసగా ఉంటాయి కనుక పది మొలకలు కలిసి ఆ పెంకును లేపగలుగుతాయి. చల్లిన చోట ఒంటరి మొలకకు ఆ బలం ఉండదు. ఇప్పుడు పెంకు కింద బతికున్న మొలకలు కనిపిస్తే సాయంత్రం పూట తేలికపాటి తడి ఇవ్వండి, స్ప్రింక్లర్లు ఉంటే ఇంకా మంచిది. కొందరు ముళ్లకంప లాగుతారు. మొలక ఇంకా కిందే ఉన్నప్పుడు అది పనికొస్తుంది. మొలక కొస పై పొరకు తగిలాక లాగితే విరిగిపోతుంది, కాబట్టి మీ పొలంలో ఇప్పుడు వద్దు.

ఇంకో అనుమానం కూడా తీర్చుకోండి. విత్తగానే పెండిమిథాలిన్ అనే కలుపుమందు కొట్టారా? మట్టి కప్పిన గింజకు ఆ మందుతో ఇబ్బంది ఉండదు. పైన తేలి ఉన్న గింజ దాని పొరలోనే మొలకెత్తాల్సి వస్తుంది, అప్పుడు వేరు పొట్టిగా, మొద్దుగా మారి మొక్క నిలవదు. చల్లిన పొలాల్లో మందు పనిచేయలేదనో, మందే పంటను కొట్టేసిందనో అనుకునే చాలా కేసుల్లో అసలు సంగతి ఇదే.

ఖాళీలను ఎలా పూడ్చాలి? మళ్లీ వడ్లు చల్లకండి. ఇప్పుడు చల్లినవి రెండు వారాలు ఆలస్యంగా ఈనుతాయి, కోతలప్పుడు సగం పండి సగం పాలు పోసుకుంటూ ఉంటాయి, హార్వెస్టర్ ఎప్పుడు పెట్టాలో తేలక టెన్షన్. గుబురుగా మొలిచిన చోటి నుంచే మొక్కలు తీసి ఖాళీల్లో నాటించండి. మూడు నాలుగు ఆకుల దశలో, అంటే మొలిచిన 15 నుంచి 20 రోజుల మధ్య, మంచి వాన పడిన మర్నాడు సాయంత్రం చేయించండి. వేరుకు కాస్త మట్టితోనే తీయాలి. ఒకే వయసు మొక్కలు కాబట్టి ఒకేసారి పండుతాయి. జానెడు ఖాళీలను పట్టించుకోవద్దు, వరి పిలకలు వేసి తనే కమ్ముకుంటుంది. అడుగు దాటిన ఖాళీలు మాత్రమే నాటించండి.

ఇక బావి కింద పొలం. డ్రమ్ సీడర్ నాకు బాగా నచ్చిన పనిముట్టు, ఎందుకంటే అది నేలను సరిగ్గా తయారుచేసి తీరాల్సిన పరిస్థితి తెస్తుంది. నాలుగు డ్రమ్ములు, ఎనిమిది సాళ్లు, సాలుకూ సాలుకూ 20 సెంటీమీటర్లు. ఒక మనిషి లాక్కుపోవచ్చు. సన్న రకమైతే 10 కిలోలు, దొడ్డు రకమైతే 12 నుంచి 15 కిలోలు చాలు. మొలక సరిగ్గా పడితే ఒక మీటరు సాలులో 20, 25 మొక్కలు కనిపిస్తాయి. అంతకంటే ఒత్తుగా ఉంటే మీరు గింజ ఎక్కువ పోశారు.

అక్కడ పనిముట్టు కంటే మడే ముఖ్యం. దమ్ము చేసి బాగా చదును చేయండి. అరచేయి లోతు తేడా ఉన్నా పల్లంలో నీళ్లు నిలిచి గింజ కుళ్లుతుంది, మెరకలో ఆరిపోతుంది. దమ్ము చేసిన వెంటనే వేయకండి. బురద పేరుకోవడానికి ఒక రోజు ఇవ్వండి, మీది నల్లరేగడి కలిసిన నేల అంటున్నారు కాబట్టి ఇంకాస్త ఎక్కువే పట్టొచ్చు. నీళ్లు తీసేసి, వేలితో బురదలో గీత గీయండి. గీత వెంటనే పూడుకుపోతే బురద ఇంకా పలచన, గింజ మునిగిపోతుంది. గీత అంచులు నిలబడి, మెల్లగా కాస్త సర్దుకుంటే అదే అదను. గీత గీయడానికే బలం పెట్టాల్సి వస్తే ఆలస్యమైంది, వేరు దిగక మొలక పైనే దొర్లుతుంది. రెండు మీటర్లకొక చిన్న కాలువ తీయించండి, వాన పడితే నీళ్లు దాని గుండా పోతాయి.

వడ్లను 24 గంటలు నానబెట్టి, గోనెసంచిలో మండె కట్టి (మూటకట్టి) ఇంకో 24 గంటలు ఉంచితే ముక్కు పగులుతుంది, అంటే మొలక కొస బయటికి వస్తుంది. నానబెట్టే నీళ్లలో లీటరుకు గ్రాము కార్బెండజిమ్ అనే తెగులు మందు కలిపితే మొలక దశ తెగుళ్లు తగ్గుతాయి. ముక్కు పగలగానే వాడేయాలి. మోసు (లేత మొలక) పొడుగ్గా సాగితే డ్రమ్ము రంధ్రాల్లో చిక్కుకుంటుంది, విరిగిపోతుంది, సాలులో మీటర్ల కొద్దీ ఖాళీలు వస్తాయి. వేసే ముందు అరగంట నీడలో ఆరబోస్తే గింజ గింజకు అంటుకోదు. డ్రమ్మును నిండా నింపకండి, మూడింట రెండు వంతులు చాలు. నిండుగా ఉంటే గింజ లోపల దొర్లదు, రాలదు. ప్రతి మలుపు దగ్గర వెనక్కి తిరిగి ఎనిమిది సాళ్లలోనూ గింజ పడిందో లేదో చూడమని లాగే మనిషికి చెప్పండి.

వేశాక మొదటి మూడు రోజులు నీళ్లు నిలపొద్దు. వరి నీళ్లలో మొలుస్తుంది కదా అని చాలామంది అంటారు. నీళ్లలో మొలక పైకి సాగుతుంది, కానీ గాలి అందక వేరు దిగదు. అలాంటి మొలక గాలికి తేలి గట్టు పక్కకు కొట్టుకొస్తుంది. పది రోజుల దాకా బురద పదునుగా ఉంచి, సన్న నెర్రెలు కనిపించబోతుండగా తడి ఇస్తూ, ఆ తర్వాతే పలచగా నీళ్లు పెట్టండి. వాతావరణ సూచన చూసి, పెద్ద వాన చెప్పిన రోజు వేయకండి. మండె కట్టిన విత్తనం చేతిలో ఉండగా వాన మొదలైతే సంచి విప్పి నీడలో పలచగా పరచండి, మోసు సాగడం నెమ్మదిస్తుంది.

కలుపుమందు దగ్గర ఒక హెచ్చరిక. నాట్లలో వాడే మామూలు ప్రెటిలాక్లోర్ డబ్బాను డ్రమ్ సీడర్ పొలంలో వాడకండి, లేత మోసును చంపేస్తుంది. సేఫ్నర్ (పంట మొలకను మందు దెబ్బ నుంచి కాపాడే పదార్థం) కలిసిన ప్రెటిలాక్లోర్ వేరే వస్తుంది, షాపులో అదే అడిగి, లేబుల్ మీద రాసిన మోతాదులోనే విత్తిన మూడు నుంచి ఐదు రోజుల్లో వేయండి. తర్వాత కలుపు రెండు నుంచి నాలుగు ఆకుల్లో ఉన్నప్పుడు అవసరమైతే బిస్పైరిబ్యాక్ సోడియం ఎకరాకు 100 మిల్లీలీటర్లు. సాళ్లున్నాయి కాబట్టి కోనోవీడర్ (సాళ్ల మధ్య నెడుతూ కలుపు తీసే పనిముట్టు) కూడా తిప్పొచ్చు. దమ్ములో చల్లిన పొలంలో ఆ వీలుండదు. నేను చల్లడం కంటే డ్రమ్ సీడర్ వైపు మొగ్గడానికి ముఖ్య కారణం ఇదే. మొలక విషయంలో మాత్రం, చదునైన దమ్ములో ముక్కు పగిలిన విత్తనాన్ని చెయ్యి తిరిగిన మనిషి చల్లితే తేడా పెద్దగా కనిపించదు.

గొర్రు ఎప్పుడూ గెలుస్తుందని మాత్రం అనుకోవద్దు. కృష్ణా పశ్చిమ డెల్టాలో, బాపట్ల వైపు, కాలువ నీళ్లు ఆలస్యమైతే తొలకరికే పొడి నేలలో విత్తుతారు, ఎద పద్ధతి అంటారు. నీళ్లొచ్చాక దాన్నే మాగాణి వరిలా పెంచుతారు. అవి బరువైన నల్లనేలలు. విత్తిన రెండు మూడు రోజులకే కుండపోత వాన పడి నీళ్లు పోయే దారి లేకపోతే, మట్టి లోపల ఉన్న గింజకు గాలి అందక ముందు అదే కుళ్లుతుంది. పైపైన పడిన గింజ కొంతైనా బతుకుతుంది. అలాంటి నేలలో గొర్రు లోతు రెండు సెంటీమీటర్లు దాటనివ్వకూడదు, మురుగు కాలువలు విత్తే ముందే తీసుకోవాలి. మీ చెల్కకు ఆ భయం తక్కువ.

జొన్న లెక్క వేరు. దాని మొలక కాడ వరి కంటే బాగా సాగుతుంది, అందుకే నాలుగైదు సెంటీమీటర్ల లోతు నుంచి సులువుగా వస్తుంది. యాసంగి జొన్నకు నల్లరేగడిలో పైన ఆరినా కింద పదును ఉంటుంది. పాత గొర్రు ఆ పై పొరను చీల్చి గింజను పదునులో పెడుతుంది, వెనక గుంటక (మట్టిని సర్దే అడ్డ బ్లేడు పనిముట్టు) మట్టి కప్పి అదుముతుంది. జడ్డిగంలో (గొర్రు మీద ఉండే గింజల గిన్నెలో) గింజలు పోసే ఆడవాళ్ల చేతి లెక్క చూసి తీరాలి. పిడికిలి వదులూ బిగువూ మారకుండా సాలు చివరిదాకా ఒకే తీరుగా పోస్తారు. ఆ పనికి ఇచ్చే కూలి ఆ నైపుణ్యానికి ఎప్పుడూ సరిపోలేదని నా అభిప్రాయం. జొన్న చల్లితే గింజ ఆరిన పొరలోనే ఉండిపోయి మరో వాన కోసం చూస్తుంది. ఆలస్యంగా మొలిచిన జొన్నకు, లేత మొక్క మొవ్వును తొలిచే మొవ్వు ఈగ ముందే కాచుకుని ఉంటుంది.

వరి కోశాక దున్నకుండా రంధ్రాలు చేసి మక్కజొన్న పెట్టే పద్ధతి కోస్తాలో బాగా నిలదొక్కుకుంది. అక్కడ కూడా సంగతి లోతూ పదునే. నేల మరీ తడిగా ఉన్నప్పుడు కర్రతో రంధ్రం చేస్తే దాని గోడ నున్నగా అద్దినట్టయి, వేరు పక్కకు పోలేక రంధ్రంలోనే తిరుగుతుంది. అడుగు పెడితే కాలికి బురద అంటనంత ఆరాకే కర్ర పెట్టాలి.

వచ్చే వానాకాలం మీ చెల్కకు పక్కాయన గొర్రు అద్దెకు తీసుకుంటే ముందు మొలక శాతం చూసుకోండి. వంద గింజలు తడి గోనెపట్టాలో చుట్టి పెడితే, 80కి తగ్గకుండా మొలవాలి, ధ్రువీకరించిన వరి విత్తనానికి కనీస ప్రమాణం అదే. కొత్తగా కోసిన వడ్లయితే నిద్రావస్థ వల్ల కూడా తక్కువ మొలుస్తాయి, దాన్ని చెడ్డ విత్తనం అనుకోకండి. పొడి విత్తనానికి కిలోకు మూడు గ్రాముల కార్బెండజిమ్ పట్టించండి. దుక్కిని రోటవేటర్‌తో పిండి చేయొద్దు, కల్టివేటర్‌తో దున్ని గుంటకతో చదును చేస్తే చాలు. చిన్న చిన్న పెళ్లలు మిగిలితే వాన దెబ్బకు పెంకు కట్టదు.

తర్వాత గొర్రును సరిచూడాలి. ఒక్కో గొట్టం కింద ఒక సంచి కట్టి, గొర్రును 20 మీటర్లు నడిపించి, పడిన గింజను తూకం వేయండి. సాళ్ల మధ్య 20 సెంటీమీటర్లు ఉండి, ఎకరాకు 20 కిలోలు కావాలంటే ఒక్కో సంచిలో ఇంచుమించు 20 గ్రాములు రావాలి. ఒక సంచిలో 30, ఇంకోదాంట్లో 10 వస్తే ఆ గొట్టాల్లో ఏదో అడ్డుపడింది, లేదా గేటు సరిగా లేదు. అద్దె గంటల లెక్కన నడుస్తుంటుంది కాబట్టి ట్రాక్టర్ నడిపే అబ్బాయి ఇదంతా దేనికి అంటాడు. ఆ పావుగంట డబ్బులు మీరే ఇస్తానని చెప్పండి. మొదటి సాలు నాలుగు చోట్ల తవ్వి, గింజ రెండు మూడు సెంటీమీటర్ల మధ్య ఉందని స్కేలు పెట్టి చూసుకున్నాకే రెండో సాలుకు పోనివ్వండి.